తాళం గుర్తు ఉంటే చాలా? ఇంటర్నెట్ కాపలా గురించి అపోహలు - వాస్తవాలు

2022 ఎండాకాలంలో ఒక మాస్టారు నాకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ ఒకటి పంపారు. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, మా పెద్దమ్మగారి వీధిలోనే ఉంటారు. తిరుమలలో గది కోసం ఫోన్‌లో వెతికి, కనబడిన సైట్‌లో 9 వేల చిల్లర కట్టేశారు. గది లేదు, డబ్బు లేదు. స్క్రీన్‌షాట్‌లో వెబ్ అడ్రసు పక్కనున్న తాళం బొమ్మకి వేలితో ఎర్రగా సున్నా చుట్టి, కింద "తాళం ఉంది కదమ్మా, చూసే కట్టాను" అని రాశారు.

ఆ సున్నా నాకింకా గుర్తుంది. వంకరగా, చివర్లు కలవకుండా ఉంది.

దొంగ సైట్లు మూయించడం నా ఉద్యోగం. బ్యాంకుల పేరుతో, ప్రభుత్వ శాఖల పేరుతో, దేవస్థానాల పేరుతో పుట్టుకొచ్చే ఫిషింగ్ సైట్లను పట్టుకుని, రుజువులతో, వెబ్ పేర్లు అమ్మే రిజిస్ట్రార్‌కో సైట్‌కి చోటిచ్చే హోస్టింగ్ కంపెనీకో రాసి దించేయించాలి. మా భాషలో టేక్‌డౌన్. పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని. నష్టపోయినవాళ్ల నోట ఎక్కువసార్లు విన్నది ఒకటే మాట: "ఎవరో ఒకరు చూడకుండా ఇలాంటివి నెట్‌లోకి ఎలా వస్తాయండి?"

ఆ మాట వెనకున్న నమ్మకమే జనం డబ్బుని అన్నిటికన్నా ఎక్కువగా పోగొడుతోంది. మిగతా అపోహలు బోలెడున్నాయి, వాటిని చివర్లో గబగబా చెప్పేస్తాను. దీని దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి.

అపోహ: సైట్ నెట్‌లో ఉందంటే, పైగా తాళం గుర్తు కూడా ఉందంటే, ఎవరో తనిఖీ చేసినట్టే

ఎవరూ చేయరు.

ఇలా అనుకోవడంలో జనం తప్పేమీ లేదు. ఊళ్లో కొట్టు పెట్టాలంటే ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి. మందుల షాపుకి డ్రగ్ లైసెన్స్ గోడకి వేలాడదీయాలి. బ్యాంకు పెట్టాలంటే రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోవాలి. బోర్డు కట్టిన ప్రతి గుమ్మం వెనకా ఏదో ఒక ఆఫీసు ముద్ర ఉంటుందని చిన్నప్పటినుంచీ చూస్తున్నాం. సైట్‌కి కూడా అలాంటిదే ఏదో ఉంటుందనుకోవడం సహజం.

డొమైన్ పేరు కొనడం ఎలా ఉంటుందో చెబుతాను. రిజిస్ట్రార్ సైట్‌కి వెళ్లి కావలసిన పేరు టైప్ చేస్తే, అది ఖాళీగా ఉందో లేదో చూపిస్తుంది. ఉంటే డబ్బు కడతారు. చాలా పేర్లకి కొన్ని వందల రూపాయలు, ఐదు నిమిషాల పని. ఆ పేరులో ఫలానా బ్యాంకు పేరుంది కదా, నీకెందుకు అని అడిగేవాళ్లు లేరు. డాట్ కామ్ లాంటి వాటి విషయంలో, ప్రపంచమంతటి వెబ్ పేర్ల లెక్క చూసే ఐకాన్ సంస్థ రిజిస్ట్రార్లతో చేసుకున్న 2013 ఒప్పందంలో ఒక షరతు ఉంది: కొన్నవాడిచ్చిన ఈమెయిలో ఫోన్ నంబరో నిజంగా పనిచేస్తోందా అని 15 రోజుల్లోగా సరిచూడాలి. అంతవరకే. పనిచేసే ఈమెయిల్ దొంగకి మాత్రం ఉండదా? పైగా అతనికి 15 రోజులు ఎందుకు? నా చేతికొచ్చే ఫిషింగ్ సైట్లలో చాలావరకు రెండు మూడు రోజుల్లో దోచుకోవలసింది దోచుకుని మాయమైపోతాయి.

ఐకాన్ పని పేర్లు ఒకదానితో ఒకటి ఢీకొట్టకుండా చూడటం. ఒక పేరు ప్రపంచంలో ఎక్కడ టైప్ చేసినా ఒకే చోటికి వెళ్లేలా చూస్తుంది. ఆ చోట కూర్చున్నది ఎవరన్నది దాని లెక్కలో లేదు. ఇంటర్నెట్ గవర్నెన్స్ అనే పెద్ద మాటకి పునాది ఇదే, సమన్వయం. మనవాళ్లు దాన్ని పోలీసింగ్ అనుకుంటున్నారు.

ఇక తాళం. దాని వెనక ఉండేది ఒక సర్టిఫికెట్. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు దాన్ని ఉచితంగా, మనిషి చెయ్యి పడకుండా, నిమిషాల్లో ఇచ్చేస్తాయి. అది మంచి పనే, నేను గట్టిగా సమర్థిస్తాను. ఒకప్పుడు రైల్వే స్టేషన్ వైఫైలో మీరు కొట్టిన పాస్‌వర్డ్ పక్క బెంచీ మీద కూర్చున్నవాడు చదవగలిగేవాడు, ఆ రోజులు పోయాయి. కానీ తాళం చెప్పేది రెండు ముక్కలే. మీ ఫోన్‌కీ ఆ సర్వర్‌కీ మధ్య దారిలో ఎవరూ తొంగిచూడలేరు. ఆ అడ్రసు నిజంగా ఆ సర్వర్ నడిపేవాడి చేతిలోనే ఉంది. అతను దొంగా దొరా అన్నది దానికి తెలియదు, తెలిసే దారి కూడా లేదు. లక్క ముద్ర వేసిన కవరు దొంగ ఇంటికి పంపితే భద్రంగా దొంగ ఇంటికే చేరుతుంది.

గూగుల్ 2021లో చేసిన పరిశీలనలో తాళం గుర్తుకి సరైన అర్థం చెప్పగలిగినవాళ్లు 11 శాతమే తేలారు. అందుకే 2023 సెప్టెంబర్‌లో క్రోమ్ బ్రౌజర్ నుంచి ఆ బొమ్మే తీసేశారు. మాస్టారికి ఆ మార్పు ఏడాదిన్నర ఆలస్యంగా వచ్చింది.

మరి చూడాల్సింది ఏమిటి? అడ్రసు. అదీ కుడివైపు నుంచి.

మాస్టారి స్క్రీన్‌షాట్‌లో అడ్రసు ఇంచుమించు ఇలా ఉంది: టీటీడీ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్-రూమ్స్ డాట్ ఆన్‌లైన్. ఆయన మనందరిలాగే ఎడమ నుంచి చదివారు. టీటీడీ కనిపించింది, ఏపీ కనిపించింది, జీఓవీ కనిపించింది, ఇన్ కూడా కనిపించింది. మనసు కుదుటపడింది, అక్కడితో ఆగిపోయారు. "ఇన్" తర్వాత చుక్క లేదని, చిన్న అడ్డగీత ఉందని ఎవరు గమనిస్తారు?

ఆయనకి నేను ఫోన్‌లో చెప్పింది ఇది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, పెట్టిన పేరు తర్వాత. వెబ్ అడ్రసులో ఇంటిపేరు చివర ఉంటుంది. ముందున్న మాటలన్నీ పెట్టిన పేర్లు, ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. మా వీధిలో ఒకాయన కొడుక్కి కలెక్టర్ అని పేరు పెట్టుకుంటే వాడు కలెక్టరైపోడు కదా. కాబట్టి హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే రెండు ఏటవాలు గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. అక్కడినుంచి వెనక్కి చదవండి. మాస్టారి అడ్రసులో వెనక్కి చదివితే మొదట "ఆన్‌లైన్", తర్వాత "ఇన్-రూమ్స్". ఇంటిపేరు అయిపోయింది. ఇన్-రూమ్స్ డాట్ ఆన్‌లైన్ అనే పేరు ఎవరో ముక్కూమొహం తెలియనివాడు కొనుక్కున్నాడు. దానికి ముందు టీటీడీ, ఏపీ, జీఓవీ అని తగిలించుకోవడానికి వాడికి ఒక్క రూపాయి అదనంగా ఖర్చు కాలేదు, ఎవరినీ అడగాల్సిన పనీ లేదు.

దేవస్థానం అసలు సైట్ 2024 జనవరిలో పేరు మార్చుకుని టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అయింది. ముందు పేరు మారింది కానీ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే ఇంటిపేరు మారలేదు. ఒకప్పుడు వాళ్ల సేవల సైట్ డాట్ కామ్ మీద నడిచిన రోజులు కూడా ఉన్నాయి. అందుకని పెద్దవాళ్లు తికమకపడితే నాకు కోపం రాదు.

అడ్రసుల్లో నిజంగా కాపలా ఉన్న గుమ్మాలు కొన్ని ఉన్నాయి. జీఓవీ డాట్ ఇన్ అనే ఇంటిపేరు ప్రభుత్వ సంస్థలకి తప్ప ఇవ్వరు, అది ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు చూసే ఎన్‌ఐసీ చేతిలో ఉంటుంది. రెండోది కొత్తది, మన హైదరాబాద్‌కి సంబంధించినది. బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్ అనే ఇంటిపేరుకి మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, గడువు 2025 అక్టోబర్ 31. ఆ పేర్లు ఇచ్చేది ఒకే ఒక్క సంస్థ, మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న, రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ. రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న బ్యాంకు కాకపోతే ఆ పేరు దొరకదు. గవర్నెన్స్ నిర్ణయం ఒకటి నేరుగా మామూలు మనిషి జేబుని కాపాడటం నా సర్వీసులో ఇంత స్పష్టంగా ఇంతకుముందు చూడలేదు. మీ బ్యాంకు లింకు వస్తే చివర బ్యాంక్, చుక్క, ఇన్ ఉందా చూడండి. చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత ఉంటే ముట్టుకోకండి.

ఉత్త డాట్ ఇన్ మాత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు. డాట్ ఇన్ అంటే భారత ప్రభుత్వం ఒప్పుకున్న సైట్ అని నాతో వాదించినవాళ్లలో ఇద్దరు లాయర్లు కూడా ఉన్నారు. అది మన దేశం కోడ్, నిక్సి అనే సంస్థ 2005 నుంచి దాని రిజిస్ట్రీ నడుపుతోంది. దానికదే ముద్ర కాదు. వెతికినప్పుడు అన్నిటికన్నా పైన వచ్చింది కాబట్టి అసలుదే అనేవాళ్లకి ఒక మాట: పక్కన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాలు ఉంటే ఆ పైచోటుకి ఎవరో డబ్బు కట్టారని అర్థం. దొంగ కస్టమర్ కేర్ నంబర్లు అక్కడ ఎన్నిసార్లు దొరికాయో నాకు లెక్క లేదు.

అపోహ: ఆ సైట్ మూయిస్తే మన డబ్బు వస్తుంది, మూయించడానికి ఎక్కడో ఒక బటన్ ఉంటుంది

మొదటి అపోహ డబ్బు పోగొడుతుంది, ఇది పోయిన డబ్బు వెనక్కి రాకుండా చేస్తుంది. రెండూ ఒకే నమ్మకానికి పుట్టినవి, పైన ఎవరో ఉన్నారనే నమ్మకానికి.

వరంగల్‌లో క్యాటరింగ్ చేసే ఒకాయనకి దొంగ డీలర్‌షిప్ సైట్‌లో లక్షా 80 వేలు పోయాయి. మోసమని పొద్దున పదింటికే తెలిసింది. ఆ రోజంతా ఏంచేశారంటే, ఆ సైట్‌ని మూయించడానికి తిరిగారు. డొమైన్ అమ్మిన కంపెనీకి మెయిల్ పెట్టారు, సెర్చ్ కంపెనీకి ఫిర్యాదు పెట్టారు, తెలిసినవాళ్ల ద్వారా నా నంబర్ సంపాదించి సాయంత్రం ఆరింటికి నాకు ఫోన్ చేశారు. "మేడం, ముందు దాన్ని బంద్ చేయించుండ్రి, ఇంకెవలూ మునగొద్దు" అన్నారు. ఎంత మంచి మనసో చూడండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశారా అని అడిగితే, "సైట్ బంద్ అయినంక చేద్దామనుకున్న" అన్నారు.

అప్పటికి ఎనిమిది గంటలైంది. ఆ ఎనిమిది గంటల్లో డబ్బు మూడు మ్యూల్ ఖాతాల్లోంచి (దొంగలు వాడుకునే వేరేవాళ్ల ఖాతాలు) పోయి, చివరికి ఏటీఎంలో నోట్లుగా బయటికొచ్చేసింది. సైట్‌ని నేను తెల్లవారేసరికి దించేశాను. ఆయనకి దానివల్ల పైసా రాలేదు.

ఇంకొకరు విశాఖలో నర్సు. రాత్రి డ్యూటీలో ఉండగా దొంగ కరెంటు బిల్లు లింకులో 42 వేలు పోయాయి. ఇరవై నిమిషాల్లో 1930కి చేసింది. డబ్బు ఇంకా మొదటి ఖాతాలోనే ఉంది, అక్కడే ఆగిపోయింది. వెనక్కి రావడానికి నెలలు పట్టింది, కానీ వచ్చింది.

తేడా అంతా ఆ నిమిషాల్లో ఉంది. 1930కి ఫోన్ చేయగానే టికెట్ తయారై డబ్బు వెళ్లిన బ్యాంకుకో వ్యాలెట్‌కో చేరుతుంది. డబ్బు అక్కడే ఉంటే ఆపుతారు. ముందుకు పోయి ఉంటే టికెట్ కూడా దాని వెనకే తర్వాతి బ్యాంకుకి పోతుంది. డబ్బు, టికెట్, రెండింటి మధ్య పరుగుపందెం అది. సైట్ మూతపడటం ఆ పందెంలో లేనే లేదు. ఫోన్ చేసేటప్పుడు చేతిలో ఉండాల్సినవి: మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, టైం, యూపీఐ అయితే 12 అంకెల ట్రాన్సాక్షన్ నంబరు. కొన్ని దొరక్కపోయినా ఆగకుండా ఫోన్ చేయండి.

బటన్ సంగతి కూడా చెబుతాను, ఎందుకు లేదో. ఒక మామూలు దొంగ సైట్‌ని తీసుకుంటే పేరు ఒక దేశంలో కొన్నది, సర్వర్ ఇంకో దేశంలో, దాని ముందు అడ్డుగా పెట్టిన సీడీఎన్ అనే మధ్యవర్తి సర్వర్లు మూడో దేశం కంపెనీవి, డబ్బు పడే ఖాతా మన దేశంలో ఏదో చిన్న ఊళ్లో ఒక కుర్రాడి పేరు మీద. ఎవరి గుమ్మానికి వాళ్లే యజమాని. ఒక్కొక్కరికీ విడివిడిగా రాయాలి.

రాయడంలో కూడా ఎన్ని తిప్పలో! మన వాళ్లమీద గురిపెట్టిన సైట్లు చాలా వరకు భారతదేశం ఐపీ (నెట్ కనెక్షన్ నంబరు) నుంచి, అదీ మొబైల్ ఫోన్‌లో తెరిస్తేనే అసలు పేజీ చూపిస్తాయి. ఎక్కడో యూరప్‌లో కూర్చుని ఫిర్యాదులు చూసే అబ్యూజ్ డెస్క్ ఉద్యోగి తన కంప్యూటర్‌లో తెరిస్తే ఖాళీ పేజీయో పూల దుకాణమో కనిపిస్తుంది. "మాకు ఇక్కడ తప్పేమీ కనబడలేదు" అని టికెట్ మూసేస్తాడు. అతను అబద్ధమాడటం లేదు. అందుకని నేను ఇప్పుడు స్క్రీన్‌షాట్‌కి బదులు మొబైల్ స్క్రీన్ వీడియో పంపుతున్నాను, పూర్తి అడ్రసు, టైం, ఏ నెట్‌వర్క్ నుంచి తెరిచామో రాసి మరీ. 2024 ఏప్రిల్ 5 నుంచి ఐకాన్ ఒప్పందాలు మారాయి. ఫిషింగ్, మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాములు), బాట్‌నెట్ (హ్యాక్ చేసిన పరికరాల గుంపు) లాంటి వాటికి సరైన రుజువు చూపిస్తే రిజిస్ట్రార్ ఏదో ఒక చర్య తీసుకుని తీరాలి. అంతకుముందు "అందింది, పరిశీలిస్తాం" అని జవాబిచ్చి ఊరుకున్నా అడిగేవాళ్లు లేరు. నా పని చేసేవాళ్లకి ఇది నిజంగా పెద్ద మార్పు. కానీ మోసపూరిత వ్యాపారం, దొంగ సరుకు అమ్మడం లాంటివి ఆ జాబితాలో లేవు, అవి కంటెంట్ కిందికి వస్తాయి. వాటిని పోలీసులు, కోర్టులే చూడాలి.

2016 నవంబర్‌లో ఐకాన్ 57వ సమావేశం మన హైటెక్స్ దగ్గర హెచ్‌ఐసీసీలో జరిగింది. ఐకాన్ మీద అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ ఒప్పందం ఆ అక్టోబర్ 1నే ముగిసింది, ఆ తర్వాత జరిగిన మొదటి సమావేశం ఇదే. నేను వారం రోజులు వెళ్లాను. రెండు వారాల ముందే మిరాయ్ బాట్‌నెట్ డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీని (వెబ్ పేరు టైప్ చేస్తే సర్వర్ ఎక్కడుందో చెప్పేది) కొట్టి అమెరికాలో పేరున్న సైట్లు ఎన్నో ఆగిపోయేలా చేసింది. పాస్‌వర్డ్ మార్చని సీసీ కెమెరాలూ డీవీఆర్‌లూ చేసిన దాడి అది. కాఫీ దగ్గర అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. ఒక సాయంత్రం క్యాబ్ ఎక్కితే డ్రైవర్ లోపల ఏం మీటింగని అడిగాడు. చెప్పగలిగినంత చెప్పాను. అంతా విని, "గట్లయితే మేడం, అందరు ఈడికే వచ్చిండ్రు గదా, ఆ లాటరీ మెసేజులు బంద్ చేయమని చెప్పుండ్రి. మా అమ్మకి పదివేలు పోయినయ్" అన్నాడు. దానికి ఏం చెప్పాలో తోచలేదు. లోపలున్న అన్ని దేశాలవాళ్లలో ఆ మెసేజీలు ఆపగలిగిన మనిషి ఒక్కరు కూడా లేరు. 8వ తేదీ రాత్రి నోట్ల రద్దు వచ్చింది. ఆ తర్వాత మా దగ్గరికొచ్చే కేసుల రూపమే మారిపోయింది, అంతవరకు ఫోన్‌లో డబ్బు కట్టని ఇళ్లన్నీ కట్టడం మొదలుపెట్టాయి.

ఒక్కరి చేతిలో బటన్ ఉంటే బాగుండేది కదా అని మీకనిపించవచ్చు. నాకూ కొన్ని రాత్రులు అనిపిస్తుంది. అప్పుడు రెండు సంగతులు గుర్తుచేసుకుంటాను. 2022లో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే రష్యా దేశపు డాట్ ఆర్‌యూ పేరుని రద్దు చేయమని ఉక్రెయిన్ ఐకాన్‌ని అడిగింది. ఐకాన్ ఒప్పుకోలేదు. ఒకసారి ఒక దేశం పేరు తీసేయగలమని చూపిస్తే, రేపు ఎవరు ఎవరి పేరు తీయమని అడుగుతారో చెప్పలేం. ఉక్రెయిన్ బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఆ జవాబు సరైనదే అంటాను.

రెండోది 2008 ఫిబ్రవరి 24. పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ని ఆపమని ప్రభుత్వ ఆదేశం వచ్చింది. పాకిస్తాన్ టెలికాం ఇంజనీర్లు ఏంచేశారంటే, యూట్యూబ్ అడ్రసుల్లో ఒక చిన్న గుత్తికి దారి మా దగ్గరే ఉందని తమ రౌటర్లకి (నెట్‌లో ట్రాఫిక్‌కి దారి చూపే యంత్రాలు) చెప్పారు. వచ్చిన ట్రాఫిక్‌ని చెత్తబుట్టలో పడేయాలని వాళ్ల ఆలోచన. ఆ మాట దేశం దాటింది. వాళ్లని బయటి నెట్‌కి కలిపే పై కంపెనీ సరిచూసుకోకుండా దాన్ని ప్రపంచానికి చెప్పేసింది. పెద్ద గుత్తి కన్నా చిన్న గుత్తికి చెప్పిన దారినే రౌటర్లు నమ్ముతాయి, అది వాటి నియమం. రెండు గంటలపాటు ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ కోసం వెళ్లినవాళ్లంతా పాకిస్తాన్ దారి పట్టి అక్కడే ఆగిపోయారు. హ్యాకర్ లేడు, వైరస్ లేదు. ఒక దేశం తన ఇంట్లో తీసుకున్న నిర్ణయం అందరికీ సెక్యూరిటీ సమస్య అయి కూర్చుంది. ఈ అడ్రసు గుత్తి నిజంగా నాదేనని సంతకం చేసి చూపించే ఆర్‌పీకేఐ పద్ధతి ఇలాంటి వాటికోసమే వచ్చింది. మీరు చిన్న ఐఎస్‌పీ (నెట్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీ) నడుపుతూ ఆ సంతకం పత్రాలు, అంటే ఆర్‌ఓఏలు, ఇంకా పెట్టకపోతే, ఈ వారమే పెట్టండి.

ఇక మిగతావి

"అంతా ప్రభుత్వం చేతికిచ్చేస్తే హ్యాకింగ్ ఉండదు." 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సర్టిఫికెట్ కంపెనీని హ్యాక్ చేసి గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించారు, దానితో ఇరాన్‌లో జనం మెయిళ్ల మీద నిఘా పెట్టారు. ఆ కంపెనీ మీద డచ్ ప్రభుత్వమే ఆధారపడి ఉండేది. 2014 జులైలో మన ఎన్‌ఐసీ సర్టిఫికెట్ విభాగం నుంచి కూడా గూగుల్ డొమైన్లకి అనుమతి లేని సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. ప్రభుత్వం చేతిలో ఉన్నంత మాత్రాన తాళంచెవి భద్రమైపోదు. ఇప్పుడు ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నీ అందరికీ కనబడే లాగ్‌లో రాస్తున్నారు, దొంగ సైట్లు పుట్టిన గంటలోనే నేను పసిగట్టగలుగుతున్నది ఆ లాగ్‌ల వల్లే.

"ప్రపంచమంతా 13 సర్వర్ల మీద నడుస్తోంది, అవి కొడితే అంతే." 13 అనేది రూట్ సర్వర్ల, అంటే వెబ్ పేర్ల వెతుకులాట మొదలయ్యే సర్వర్ల, పేర్ల లెక్క. ఆ పేర్లను 12 సంస్థలు నడుపుతున్నాయి, వాటి కాపీలు వెయ్యికి పైగా చోట్ల ఉన్నాయి. మన దేశంలోనూ ఉన్నాయి.

"ఏడుగురి దగ్గర ఇంటర్నెట్ తాళాలు ఉన్నాయి." ఆ రూట్ జాబితా అసలైనదేనని చూపించే డీఎన్‌ఎస్ రూట్ సంతకం కోసం రకరకాల దేశాల నుంచి వచ్చే వాలంటీర్లు ఉన్న మాట నిజం. వాళ్లు సంతకానికి సాక్షులు. నెట్ ఆపే శక్తి వాళ్లకి లేదు. ఈ కథకి పుట్టిన పిల్లే 2018 అక్టోబర్ పుకారు, "48 గంటలు ప్రపంచమంతా ఇంటర్నెట్ బంద్" అని. అక్టోబర్ 11 రాత్రి తొమ్మిదిన్నరకి రూట్ సంతకం తాళంచెవి మార్చారు, అంతే జరిగింది. టీవీల్లో స్క్రోలింగులు చూసి మా బాబాయి ఏటీఎం దగ్గర గంటన్నర క్యూలో నిలబడ్డారు, ఆయనకి మోకాళ్ల నొప్పులు. ఇలాంటివి ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగమని ఎన్నిసార్లు బతిమాలాలి?

"హూయిజ్‌లో (వెబ్ పేరు ఎవరు కొన్నారో చూపే జాబితా) చూస్తే దొంగ పేరు దొరుకుతుంది." 2018 మేలో యూరప్ ప్రైవసీ చట్టం జీడీపీఆర్ వచ్చాక చాలావరకు దాచేశారు. మాకు పని కష్టమైంది. అయినా సొంత సైట్ పెట్టుకున్న ఆడపిల్ల ఇంటి అడ్రసు లోకమంతా చూసే రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను.

"సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో రిపోర్ట్ చేయాలన్న రూలు పెద్ద కంపెనీలకే." కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల అమలుకి చిన్న సంస్థలకి గడువు కాస్త పొడిగించారు తప్ప మినహాయించలేదు.

భయపడుతున్నవాళ్లకి

డబ్బు పోయిన రాత్రి ఇంట్లో చెప్పకుండా బాత్రూంలోంచి గుసగుసగా నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. చదువుకున్నవాళ్లు, ఆఫీసర్లు. "నా అంత తెలివితక్కువది ఉండదేమో" అంటారు. మీరు తెలివితక్కువవాళ్లు కాదు. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కూడా అడ్రసుని ఎడమ నుంచే చదువుతారు. డిజిటల్ అరెస్ట్ అని వీడియో కాల్‌లో కూర్చోబెడితే, మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు, ఫోన్ కట్ చేయండి. టెన్షన్‌లో ఏం గుర్తుండకపోయినా 1930 అనే నంబరు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇంట్లోవాళ్లకి తర్వాత చెప్పుకోవచ్చు.

ఒక్కసారి పోగొట్టుకున్నవాళ్లని రెండోసారి దోచుకునేవాళ్లు ఉన్నారు, ఇది మరీ ఘోరం. "సైబర్ కంప్లైంట్" అని వెతికితే, పోయిన డబ్బు రాబడతాం, ఫీజు కట్టండి అనే సైట్లు కూడా కనిపిస్తాయి. అశోకచక్రం బొమ్మ ఉంటుంది, తాళం ఉంటుంది. ఆ సంవత్సరం మాస్టారు 1930కి ఫోన్ చేశాక, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో కూడా పెడతానన్నారు. నేను లింకు పంపలేదు, ఆయన్నే వెతకమన్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఒక్కో సైట్ తెరుస్తూ, కుడి నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. మొదటిది "ఆర్గ్, ఇండియా-సైబర్‌సెల్" అన్నారు. కాసేపు మౌనం. "ఇది కాదమ్మా, ఇంటిపేరు వేరే" అన్నారు. రెండోది మూసేశారు. మూడోది తెరిచి, క్లాసులో ఎక్కం చెప్పించినట్టు నెమ్మదిగా, "ఇన్... చుక్క... జీఓవీ... చుక్క... సైబర్‌క్రైమ్" అన్నారు. "దానికి ముందు ఏముంది మాస్టారూ?" అని అడిగాను. "ఏం లేదమ్మా. గీతలే" అన్నారు. సరే, నింపండి అన్నాను.